కరెంటు అడిగేది ప్రొపెల్లరే

రిమోట్ కంట్రోల్ విమానం చేసే పిల్లలు మోటారు గురించి పదిమందిని అడుగుతారు. ప్రొపెల్లర్ మాత్రం కిట్‌లో ఏదొస్తే అదే బిగిస్తారు. కానీ బ్యాటరీ నుంచి ఎంత కరెంటు లాగాలో తేల్చేది ఆ ప్రొపెల్లరే.

కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా థర్మాకోల్, సన్‌బోర్డుతో విమానం కట్టేవాళ్లకు తక్కువ ధరలో దొరికేది 2212 రకం, 1000 కేవీ మోటారు. ఇక్కడ కేవీ అంటే కిలోవోల్టు కాదు. ప్రొపెల్లర్ లేకుండా ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క. మూడు సెల్లుల లిపో బ్యాటరీ 11.1 వోల్టులు కాబట్టి ఖాళీ మోటారు 11,100 చుట్లు తిరగాలి. ప్రొపెల్లర్ బిగిస్తే గాలి అడ్డుకుని వేగం తగ్గుతుంది. తగ్గినకొద్దీ మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. ఇక చాలని అది తనంతట తాను ఆగదు.

“30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నడిపే సర్క్యూట్) ఉంది కదా, భయమేంటి?” అంటారు. ఆ 30 ఈఎస్‌సీ తట్టుకునే హద్దు. ఈ మోటారు హద్దు సుమారు 12 ఆంపియర్లే, అదీ కొద్దిసేపే. ఈఎస్‌సీ నిక్షేపంగా ఉండగానే మోటారు వైండింగ్ మాడిపోవడానికి కారణం ఇదే.

ఇక ప్రొపెల్లర్ మీది అంకెలు. 10×5 అని ఉంటే 10 అంగుళాలు వ్యాసం (ఈ కొస నుంచి ఆ కొసకు పొడవు). 5 అంగుళాలు పిచ్: కర్రలోకి స్క్రూ దిగినట్టు గాలిలో జారకుండా దూసుకెళితే ఒక చుట్టుకు జరిగే దూరం. చుట్ల వేగం మారకపోతే, వ్యాసం 10 నుంచి 11 అయినప్పుడు కావలసిన శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లు. పిచ్ 5 నుంచి 6 అయితే సుమారు ఐదో వంతే ఎక్కువ. నిజానికి వేగం కొంత పడిపోతుంది కనుక భారం ఇంత పూర్తిగా పెరగదు, కానీ పోకడ ఇదే. వ్యాసంతో ఆడుకోవద్దనేది అందుకే. నాలుగు సెల్లుల బ్యాటరీకి మారితే ఇంకా ప్రమాదం. వేగం మూడో వంతు పెరగాలంటే శక్తి రెండింతలు దాటాలి. సెల్లు పెంచితే ప్రొపెల్లర్ తగ్గించాల్సిందే.

పిచ్ దేనికంటే, వేగానికి. నిమిషానికి 8,000 చుట్లతో 5 అంగుళాల పిచ్ లెక్కలో గంటకు 61 కిలోమీటర్లు. గంటకు పాతిక కిలోమీటర్ల దగ్గర గాలి పట్టు తప్పే నెమ్మది విమానానికి అది బాగా సరిపోతుంది. నేర్చుకునేవాళ్లకు పిచ్ 7 ఎందుకో నాకర్థం కాదు.

లెక్క ఎంత వేసినా చివరికి కొలవాలి. నిండా చార్జ్ చేసిన బ్యాటరీకి, ఈఎస్‌సీకి మధ్య వాట్‌మీటర్ పెట్టండి. విమానాన్ని ఒకరు వెనక నుంచి గట్టిగా పట్టుకోవాలి. ప్రొపెల్లర్ తిరిగే వరసలో ఎవరూ నిలబడొద్దు. ఫుల్ థ్రాటిల్ నాలుగైదు సెకన్లు చాలు. 12 ఆంపియర్లు దాటితే వ్యాసం ఒక అంగుళం తగ్గించి మళ్లీ చూడండి. తోపు (ముందుకు నెట్టే బలం) చాలా తక్కువగా అనిపిస్తే ముందు ప్రొపెల్లర్ తిరగబడిందేమో గమనించండి. అంకెలున్న వైపు విమానం వెళ్లే దిక్కుకే ఉండాలి.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. ఆదిలాబాద్‌లో చలికాలం పొద్దున 10 డిగ్రీలు, మే మధ్యాహ్నం 45. ఈ రెండింటి మధ్య గాలి సాంద్రత సుమారు పదో వంతు తగ్గుతుంది. అదే వేగంలో తోపూ అంతే తగ్గుతుంది. విమానం బద్ధకంగా లేస్తోందని ఎండాకాలంలో పెద్ద ప్రొపెల్లర్ వేస్తే, అసలే వేడి గాలిలో చల్లబడని మోటారు ఇంకా వేడెక్కుతుంది. మేలో సరిగ్గా 12 దగ్గర ఆగిన ప్రొపెల్లర్ డిసెంబరు చలిలో హద్దు దాటవచ్చు. కాలం మారాక మళ్లీ కొలవాలి.

ఎగరేసే చోటు డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) ఏ జోన్‌లో ఉందో ముందే చూసుకోవాలి. పత్తి ఏరిన చెలకలో చక్రాల్లేని విమానం దించితే కట్టెలకు తగిలి ప్రొపెల్లర్ విరుగుతుంది. అక్కడ మడతపడే ప్రొపెల్లర్ మేలు. నిర్మల్ బొమ్మల పొనికి చెక్క తేలికే గానీ మెత్తన, ప్రొపెల్లర్ చెక్కడానికి పనికిరాదు. అంచు చీలిన ప్రొపెల్లర్‌ను ఫెవిక్విక్‌తో అతికించవద్దు. వేల చుట్ల వేగంలో ఆ ముక్క ఊడితే ఎటు దూసుకొస్తుందో చెప్పలేం. తీసి పారేసి అదే అంకెలున్న కొత్తది బిగించండి.