పట్నమున బాడుగ యిల్లు



పాండవులు ఏకచక్రపురమున నొక విప్రుని యింట తలదాచుకొనినపుడు, మూడు నెలల బాడుగ ముందుగా కట్టుడని ఆ గృహస్థుడు వారిని అడిగినట్లు భారతమున మేము చదివి యుండలేదు. ఈ కాలపు సంసారులకు అట్టి భాగ్యము లేదు. ఊరు విడిచి పట్నము చేరువారికి మొదటి పరీక్ష యిల్లే. ఆ పరీక్షలో మేమొకసారి తప్పితిమి గనుక ఆ సంగతి విన్నవించుచున్నాము.

మాది నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల. నాపరాళ్ల గనులకు పేరుపడిన యూరు. అచ్చట అత్తవారి యింటనే కాపురముండుటచే, బాడుగ యనుమాట వినుటయే గాని అనుభవమున నెరుగము. మావారు ఉపాధ్యాయులు. నిరుడు వారికి హైదరాబాదులో నొక ప్రైవేటు పాఠశాలయందు నెలకు 28,000 రూపాయల జీతముపై పని దొరకినది. ఇద్దరు బిడ్డలతో ప్రయాణమునకు సిద్ధపడితిమి.

ఇంటికై వెదకులాట మన సీమకు క్రొత్తది కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి కర్నూలు రాజధాని యైనపుడు, ఊరిలో కట్టడములు చాలక కచేరీలు కొన్ని గుడారములలో నడచినవి. వచ్చిన యుద్యోగులు ఇండ్లు దొరకక యిడుమలు పడిరి. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా, మరల మూటాముల్లె కట్టుకొని హైదరాబాదు చేరవలసి వచ్చినది. ప్రభుత్వోద్యోగులకే అట్లయినపుడు మావంటివారి మాట చెప్పనేల!

మొదట మావారొక్కరే పోయి, దళారి ఫోనులో చూపిన చిత్రములను నమ్మి, నగరపు చివర నెలకు 7,000 రూపాయలకు ఒక పోర్షను కుదుర్చుకొని వచ్చిరి. అంత చౌకగా దొరకినదని మేమును సంతసించితిమి. మూడు నెలల అడ్వాన్సు 21,000. దళారికి ఒక నెల బాడుగ 7,000. వెరసి మావారి నెల జీతమంత సొమ్ము. దానికై, మా తల్లి పెండ్లినాడు మా మెడలో వేసిన గొలుసును కుదువ బెట్టితిమి.

కాపురము పెట్టిన పిదప లెక్క తెలిసినది. మావారు బడికి పోవుటకు రెండు బస్సులు, నడుమ నొక ఆటో. నెలకు 2,400 రూపాయలు. వేసవి రాగానే బోరు ఎండిపోయినది. ట్యాంకరు నీటిలో మా వంతు నెలకు 1,200. ఏడు వేల యిల్లు 10,600 అయినది. అంతకన్న పెద్ద నష్టము వేరొకటి కలదు. చీకటితో వెడలి చీకటిపడినపిదప ఇల్లు చేరుటచే, పరుల బిడ్డలకు చదువు చెప్పు మావారు తమ బిడ్డల పుస్తకము తెరచి చూడజాలకపోయిరి.

ఐదు నెలలకు ఆ యిల్లు విడిచితిమి. యజమాని ఒక నెల బాడుగయు, గోడల సున్నమునకు 3,000 రూపాయలును పట్టుకొని, 11,000 మాత్రమే చేతబెట్టెను. ఇదేమని యడుగగా ఒప్పందపత్రమును చూపెను. పదునొకండు నెలల లోపల విడిచినచో అట్లు పట్టుకొనవచ్చునని అందు వ్రాసియున్నది. క్రింద మావారి సంతకమున్నది. భారతము చదివిన మేము ఆ రెండు పుటలు చదువమైతిమి!

రెండవమారు మేమే బయలుదేరితిమి. బడికి నడకదూరములోని వీథులే నాలుగు దినములు తిరిగి పదునాలుగు ఇండ్లు చూచితిమి. టూలెట్ బోర్డు కనబడిన చోట, యజమానికన్న ముందు ప్రక్కవాటాలోని యిల్లాలిని పలుకరించితిమి. కుళాయి ఏ దినమున, ఏ గంటకు వచ్చును? వేసవిలో బోరు నిలుచునా? కరెంటు మీటరు వేరా, ఉమ్మడియా? మెయింటెనెన్సు ఎంత? ముందున్నవారేల విడిచిరి? వీనికి ప్రత్యుత్తరము వంటింటిలో దొరకును గాని దళారి ఫోనులో దొరకదు. తుదకు 9,500 రూపాయలకు రెండు గదుల యిల్లు కుదిరినది. అడ్వాన్సు రెండు నెలలది. బస్సు లేదు, ట్యాంకరు లేదు. మునుపటి చౌక యింటికన్న నెలకు 1,100 తక్కువే.

ఒప్పందము పదునొకండు నెలలకే యేల వ్రాయుదురని విచారించితిమి. ఏడాదికి మించిన కౌలుపత్రమును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి తప్పక రిజిస్టరు చేయింపవలెను. ఆ ఖర్చు తప్పించుకొనుటకే యీ వాడుక. అడ్వాన్సు ఊరికొక తీరు. బెంగుళూరున పది నెలల బాడుగ యడుగుట చిరకాలపు వాడుక. నివాసగృహములకు రెండు నెలలకు మించరాదని 2021లో కేంద్రమంత్రివర్గము ఆమోదించిన అద్దె యిండ్ల మాదిరి చట్టము చెప్పుచున్నది. కాని రాష్ట్రములు స్వీకరించినచోటనే అది చెల్లును. కావున మనకు రక్ష మన పత్రమే. విడుచుటకు ఎన్నాళ్లు ముందు చెప్పవలెనో, అడ్వాన్సులో ఏమి పట్టుకొందురో, సున్నము ఖర్చెవరిదో చదివి, నచ్చనిదానిని కొట్టివేయించి, పిదపనే సంతకము చేయవలెను. చేరిన దినముననే గోడలను, కుళాయిలను ఫోనులో చిత్రములు తీసి యుంచుకొనుట మంచిది.

బాడుగ యనగా ఇంటికిచ్చు సొమ్ము మాత్రమే కాదు. నీరు, దారి, కాలము మూడును అందు చేరినవే. ఆ మూటి కష్టమును దినదినము మోయునది యిల్లాలు. ఇల్లు చూచుటకు ఆమెయే పోకుండుట సంసారమునకు నష్టము.

ఈ యింటి వంటగదిలో పరచినది మా బేతంచెర్ల రాయియే. తుడుచునపుడెల్ల మా యూరు జ్ఞప్తికి వచ్చును. గొలుసు మాత్రము ఇంకను కుదువలోనే యున్నది. దానిని విడిపించుటకై, నెలనెలా మిగులు ఆ 1,100 రూపాయలను వేరుగా నొక డబ్బాలో వేయుచున్నాము.