టీ వద్దన్న రోజు

నా వయసు 20. ఊరు హైదరాబాద్. మోర్మన్లు అంటారే, ఆ చర్చి మిషనరీగా న్యూయార్క్‌ జాక్సన్ హైట్స్‌లో ఉన్నా. అబ్బాయిలకు రెండేళ్ల సేవ. జీతం లేదు, జోడీ లేకుండా గడప దాటకూడదు.

ఇక్కడ ఒక వీధిలో బంగ్లా వినిపిస్తే, పక్క వీధిలో స్పానిష్. పోయిన మంగళవారం పేదలకు పంచే బియ్యం మూటలు మోశాం. గురువారం ఉచిత ఇంగ్లిష్ క్లాస్ చెప్పాం. శనివారం ఓ నేపాలీ అవ్వ ఇల్లు మారుతుంటే మంచం, బీరువా నాలుగు అంతస్తులు ఎక్కించాం.

"మతం మాటలొద్దు బేటా, టీ తాగు" అంది హిందీలో. టీ, కాఫీ మాకు నిషిద్ధం. వద్దనగానే ఆమె మొహం చిన్నబోయింది. నా ప్రాణం చివుక్కుమంది. "పాలుంటే ఇవ్వండి నానీ" అన్నా. నవ్వేసింది.

సోమవారం ఇంటికి వీడియో కాల్. 2019కి ముందు మిషనరీలకు ఏడాదికి రెండే కాల్స్. ఇప్పుడు వారం వారం చేసుకోవచ్చు.

"ఈ వారం ఎంతమందికి వాక్యం చెప్పావ్‌రా?" అమ్మ అడిగింది.

"ఒక్కరికీ లేదమ్మా. ఓ అవ్వ ఇంట్లో పాలు తాగా."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "వేడిగా ఇచ్చిందా?"