గర్భసంచి క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ: ఇంజెక్షన్ కంటే ముందు పరీక్ష

“కీమో వద్దు డాక్టరమ్మా, ఆ కొత్త ఇంజెక్షనే ఇవ్వండి. పొలం అమ్మైనా తెస్తాం” అని కొందరు బంధువులు మమ్మల్ని అడుగుతుంటారు. వారి ఆత్రుత మాకు అర్థమవుతుంది. కానీ పొలం మాట ఎత్తే ముందు తెలుసుకోవలసినది ఒకటుంది.

గర్భసంచి లోపలి పొరలో పుట్టేది ఎండోమెట్రియల్ క్యాన్సర్. గర్భాశయ ముఖద్వారానికి వచ్చేది వేరు. ముట్లు ఆగిపోయిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా “వేడి చేసిందేమో” అని ఊరుకోకూడదు. తొలిదశలో పట్టుకుంటే చాలామందికి ఆపరేషన్‌తో, అవసరమైతే కరెంటు పెట్టడంతో నయమవుతుంది. వ్యాధి పాకినవారికి, తిరగబెట్టినవారికే సాధారణంగా ఇమ్యునోథెరపీ ప్రస్తావన వస్తుంది.

మన రక్తంలోని కాపలా కణాలకు పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. క్యాన్సర్ కణం ఆ బ్రేకు నొక్కి తప్పించుకుంటుంది. పెంబ్రోలిజుమాబ్, డోస్టార్లిమాబ్ అనే మందులు ఆ బ్రేకును వదులు చేస్తాయి. ఈ బ్రేకును కనుగొన్న జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోకు 2018లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే అందరిలో ఒకేలా పనిచేయదు. కణం విభజన చెందేటప్పుడు డీఎన్ఏలో దొర్లే తప్పులను దిద్దే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. ఈ క్యాన్సర్లలో సుమారు నాలుగో వంతుకు పైగా వాటిలో లోపం ఉంటుంది. తప్పులు పేరుకుపోయిన కణం కాపలాదారులకు పరాయిదిగా కనిపిస్తుంది. కనుక మందు బాగా పట్టుకుంటుంది. ముదిరిన దశలో ఉన్న ఇలాంటి స్త్రీలకు కీమోతో పాటు డోస్టార్లిమాబ్ ఇచ్చిన అధ్యయనం 2023లో వెలువడింది. రెండేళ్లకు వ్యాధి పెరగకుండా ఉన్నవారు నూటికి 61 మంది. కీమో మాత్రమే పొందినవారిలో 16 మంది. గమనించండి, కీమోకు బదులుగా కాదు, కీమోతో పాటు. లోపం లేనివారికీ కొంత మేలు ఉంటుంది గాని అంత కాదు.

ఈ లోపాన్ని తెలిపేది ఎం.ఎం.ఆర్. పరీక్ష. ఆపరేషన్‌లోనో బయాప్సీలోనో తీసిన ముక్క మీదే చేస్తారు. ఇంజెక్షన్ల ఖర్చు లక్షల్లో, ఈ పరీక్ష ఖర్చు వేలల్లో. అందుకే ల్యాబు నుండి మైనపు బ్లాకులు, స్లైడులు అడిగి తీసుకుని ఎండ తగలని చోట భద్రపరచండి. ఒక్కోసారి ఈ లోపం వంశపారంపర్యమని తేలుతుంది. అప్పుడు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, పిల్లలు కూడా డాక్టరును కలవాలి. వారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ.

బ్రేకు వదులైన కాపలాదారులు ఒక్కోసారి మన అవయవాల మీదే పడతారు. విరేచనాలు, పొడి దగ్గు, ఆయాసం, కామెర్లు, ఒంటి మీద దద్దుర్లు, విపరీతమైన నీరసం కనిపిస్తే మందుల షాపులో మాత్రలు కొని సరిపెట్టుకోకండి. అదే రోజు మాకు కబురు చేయండి. మందు ఆపిన కొన్ని నెలలకు కూడా ఇవి రావచ్చు. కనుక ఏ ఆస్పత్రికి వెళ్లినా, ఆ ఇంజెక్షన్ పేరు రాసి ఉన్న డిశ్చార్జి కాగితం ముందుగా చూపించండి.