అడిగితేనే చెప్పే పెద్దాయన

డెబ్బై ఏళ్ల బెన్ విటేకర్‌ని ఇంటర్వ్యూ చేసే కుర్రాడు, పదేళ్ల తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారని అడుగుతాడు. అంటే ఎనభయ్యో ఏట! ‘ది ఇంటర్న్’ సినిమాలో హాస్యమంతా ఇలాంటిదే. ఎవరినీ చిన్నబుచ్చదు.

నాన్సీ మేయర్స్ రాసి, తీసిన ఈ అమెరికన్ చిత్రం 2015లో వచ్చింది. బెన్‌గా రాబర్ట్ డి నీరో, అతని బాస్ జూల్స్‌గా ఆన్ హాత్‌వే నటించారు. భార్య పోయి, రిటైరై, ఇంట్లో పొద్దుపోని బెన్ న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఆన్‌లైన్లో బట్టలమ్మే కంపెనీలో ఇంటర్న్‌గా చేరతాడు. ఏడాదిన్నరలో 220 మంది ఉద్యోగులతో ఎదిగిన కంపెనీ అది. ఒకప్పుడు ఆ భవనంలోనే టెలిఫోన్ డైరెక్టరీలు తయారయ్యేవి. బెన్ 40 ఏళ్లు ఆ పనిలోనే గడిపాడు.

నేనూ టెలిఫోన్ శాఖలో చేసి రిటైరైనవాణ్ణే. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకున్నవాళ్లను చూశాను. డైరెక్టరీలో పేరు తప్పు పడిందని ఎక్స్ఛేంజికొచ్చి గొడవపడ్డవాళ్లనూ చూశాను. ఇప్పుడా పుస్తకం ఎవరికీ అక్కర్లేదు. అందుకే బెన్‌ని ఆ భవనంలో చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి. అతను మాత్రం ‘మా రోజుల్లో’ అంటూ మొదలుపెట్టడు.

జూల్స్‌కి మొదట ఈ ముసలాయన అక్కర్లేదు, పనే చెప్పదు. ఆఫీసులో అందరూ చెత్తా చెదారం పడేసే బల్ల ఒకటి ఆమెను రోజూ చికాకు పెడుతుంటుంది. బెన్ పొద్దున్నే వచ్చి దాన్ని సర్దేస్తాడు. ఆమె కారు డ్రైవరు తాగుతుండగా కనిపిస్తే రచ్చ చేయడు. ఈ పూట రాలేనని నువ్వే చెప్పెయ్ అని నెమ్మదిగా అతనికి చెప్పి, స్టీరింగ్ తను పట్టుకుంటాడు. ఆమె అతని చేత ఫేస్‌బుక్ ఖాతా తెరిపిస్తుంది. స్నేహం ఇలా రెండు వైపుల నుంచీ అల్లుకుంటుంది.

కడుపుబ్బ నవ్వించేది ఈమెయిల్ ఘట్టం. జూల్స్ తల్లిని తిడుతూ రాసిన మెయిల్ పొరపాటున ఆ తల్లికే వెళుతుంది. ఆవిడ చూడకముందే చెరిపేయడానికి బెన్, ఆఫీసు కుర్రాళ్లను వెంటబెట్టుకుని ఆ ఇంట్లో దూరతాడు. అలారం మోగుతుంది, పరుగో పరుగు!

జూల్స్ భర్త మరొకామెతో ఉండటం బెన్ కంటపడుతుంది. లోపల నలిగిపోతాడు గానీ, తొందరపడి నోరు జారడు. చివరికి కంపెనీ పగ్గాలు బయటివాళ్లకు అప్పగించాలా వద్దా అని ఆమె తేల్చుకోలేక అతని దగ్గరికే వస్తుంది. అప్పుడు మాత్రం మొహమాటం లేకుండా చెబుతాడు: ఆ కంపెనీకి ఆమె కావాలి, ఆమెకు ఆ కంపెనీ కావాలి. అన్నాళ్లూ ఊరుకున్నవాడు గనకే ఆ మాటకు అంత విలువ.

ఇంటిల్లిపాదీ కలిసి చూడాల్సిన సినిమా ఇది. చూశాక పిల్లలు పెద్దవాళ్లను ఒక్క విషయమైనా అడగాలి. పెద్దవాళ్లు అడిగినదానికే జవాబు చెప్పాలి.