వాయిద్యాలు దించి వెళ్ళినవారు



గాజువాకలోను, కూర్మన్నపాలెంలోను, ఉక్కు కర్మాగారం చుట్టూ ఉన్న పల్లెల్లోను డిగ్రీ చదివే కుర్రవాళ్ళ ఫోనుల్లో ఒక రకం పాట వినిపిస్తూ ఉంటుంది. పాట అని వాళ్ళంటారు. పక్క గదిలో బియ్యం ఏరుకుంటున్న తల్లికి మాత్రం ఎవరో ఎవరినో కొడుతున్నట్టు ఉంటుంది. ఒకడు గొంతు చించుకొని అరుస్తాడు. వెనుక డ్రమ్ములు హార్బరులో ఇనుప గొలుసు జారినట్టు దడదడలాడతాయి. "ఏమిట్రా ఈ దయ్యపు కేకలు?" అని తల్లి కసిరితే, "కాదమ్మా, వీళ్ళు క్రైస్తవ బ్యాండు" అని కొడుకు జవాబు. ఆ మాటతో తల్లి ఊరుకుంటుంది. సంఘ పెద్దలు కూడా కొందరు ఊరుకుంటారు. ఈ నెల మేము ఆ జవాబునే కొంచెం తరచి చూడదలచుకున్నాము.

ముందుగా ఆ శబ్దం సంగతి. దీనికి మెటల్‌కోర్ అని పేరు. హెవీ మెటల్ అనే బరువైన గిటారు సంగీతాన్ని, హార్డ్‌కోర్ అనే వేగమైన, కోపంతో కూడిన సంగీతాన్ని కలిపితే వచ్చినది ఇది. గిటారు తీగలను మామూలు శ్రుతికంటే బాగా కిందికి దించుతారు. డ్రమ్ములవాడు రెండు పాదాలతోను పెద్ద డ్రమ్మును కొడతాడు. పాట మధ్యలో వేగం ఒక్కసారిగా పడిపోయి, సమ్మెట దెబ్బల్లాగ ఒక్కొక్క దెబ్బే పడుతుంది. దాన్ని బ్రేక్‌డౌన్ అంటారు, కుర్రవాళ్ళు ఎదురుచూసేది దానికోసమే. చాలా బృందాల్లో గొంతులు రెండు ఉంటాయి. ఒకటి అరిచేది, రెండవది మామూలుగా, తీయగా పాడేది.

ఉక్కునగరంలో కాపురముంటున్న మన కుటుంబాలకు ఈ సంగీతం పుట్టిన చోటు వింటే కొత్తగా అనిపించదు. హెవీ మెటల్ పుట్టింది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, అంటే కార్ఖానాల ఊళ్ళో. టోనీ అయోమీ అనే కుర్రవాడు అక్కడ ఇనుపరేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. 1965లో, పదిహేడేళ్ళ వయసులో, ఉద్యోగం మానివేయబోతున్న చివరి రోజునే యంత్రం కింద చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతడు ఎడమచేతివాటం వాడు. గిటారు తీగలను నొక్కవలసినది ఆ కుడిచెయ్యే. అయినా వాయించడం మానలేదు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు కట్టుకున్నాడు, నొప్పి తగ్గడానికి తరువాతి కాలంలో తీగల బిగువు తగ్గించి శ్రుతి కిందికి దించాడు. అతని బృందం బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్ 1970లో వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతటా వినిపించే ఆ బొంగురు గిటారు ధ్వని వెనుక తెగిన వేళ్ళ కథ ఉన్నదన్నమాట. షిఫ్టుకు వెళ్ళిన మనిషి క్షేమంగా ఇంటికి రావాలని ప్రార్థించే మన ఇళ్ళలో ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి శబ్దం పెద్దదైనంత మాత్రాన అది సాతానుదని తీర్మానించడం మాకు సమ్మతం కాదు. 150వ కీర్తనలో తాళాలు ఉన్నాయి, అవీ నెమ్మదిగా మోగేవి కావు. మందిరంలోకి తబలా, గిటారు తెస్తామంటే అభ్యంతరం చెప్పిన పెద్దలు ఒకప్పుడు మన సంఘాల్లోనే ఉండేవారు. అసలు ప్రశ్న శబ్దం గురించి కాదు, మీద అంటించిన చీటీ గురించి.

అమెరికాలో క్రైస్తవ పుస్తకాల దుకాణాలు చాలాకాలంగా రికార్డులు కూడా అమ్మేవి. తల్లిదండ్రులు అక్కడికి వెళ్ళి, ఆ అలమారాలో ఉన్నదేదైనా మంచిదే అనే నమ్మకంతో కొనేవారు. సియాటిల్‌లోని సాలిడ్ స్టేట్ వంటి కంపెనీలు ఇటువంటి బృందాలనే వెతికి రికార్డులు వేసేవి. ఇల్లినాయిస్ రాష్ట్రంలో కార్నర్‌స్టోన్ అనే ఉత్సవం 1984 నుండి 2012 వరకు ఏటా జరిగింది, వేలాది యువకులు గుడారాలు వేసుకొని ఈ బృందాలను వినేవారు. అంటే 'క్రైస్తవ' అన్న మాట ఒక సాక్ష్యం మాత్రమే కాదు, ఒక బజారు కూడా.

ఆ బజారులో బాగా పేరు తెచ్చుకున్న బృందం 'యాజ్ ఐ లే డయింగ్'. నేను చావుబతుకుల్లో పడి ఉండగా అని దాని అర్థం. విలియం ఫాక్‌నర్ 1930లో రాసిన ఒక నవల పేరు అది. 2000లో కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో గాయకుడు టిమ్ లంబేసిస్, డ్రమ్ములవాడు జోర్డాన్ మాన్సినో దీన్ని మొదలుపెట్టారు. శాన్ డియేగో కూడా మన విశాఖలాగే సముద్రపు ఒడ్డున నౌకాదళం ఉన్న ఊరు. తొలి సంవత్సరాల్లో గిటారు, బేసు వాయించేవారు వస్తూ పోతూ ఉన్నారు. మన యౌవన గాయకబృందాల్లో ఒకడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే ఇంకొకణ్ణి నిలబెట్టుకుంటామే, అలాగే. తరువాత గిటారుకు నిక్ హిపా, ఫిల్ స్గ్రోసో కుదురుకున్నారు. 2007 నాటికి బేసు వాయిస్తూ తీయని గొంతుతో పాడే జాష్ గిల్బర్ట్ కలిశాడు. ఆ సంవత్సరం వచ్చిన ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో 8వ స్థానంలో నిలిచింది. అందులోని ఒక పాట గ్రామీ బహుమతి పరిశీలనకు కూడా వెళ్ళింది. ఆ అయిదుగురు అలా ఆరేళ్ళు కదలకుండా ఉన్నారు. బయటివాళ్ళకు అది స్థిరత్వంలా కనిపించింది.

2013 మే 7న లంబేసిస్‌ను పోలీసులు అరెస్టు చేశారు. విడిపోయి ఉంటున్న తన భార్యను చంపించడానికి అతడు మనిషిని కుదుర్చుకోబోయాడు. కుదుర్చుకున్న ఆ మనిషి మారువేషంలో ఉన్న పోలీసు. ఖర్చులకు 1,000 డాలర్లు, ఆమె ఫొటోలు, ఇంటి గేటు తెరిచే సంకేతాంకెలు అతని చేతిలో పెట్టాడు. 2014 ఫిబ్రవరిలో నేరం ఒప్పుకున్నాడు. మే 16న కోర్టు ఆరు సంవత్సరాల శిక్ష వేసింది. కండలు పెంచడానికి వాడిన స్టెరాయిడ్ మందులు తన బుద్ధిని చెడగొట్టాయని అతని తరఫున వాదించారు. ఈ కథ చెప్పేవారు చాలామంది గాయకుని పతనం దగ్గరే ఆగిపోతారు. ఒక స్త్రీ ప్రాణం దాదాపు పోయేదని, ఆమె పిల్లలున్న తల్లి అని వారికి చివర ఎప్పుడో గుర్తుకు వస్తుంది.

శిక్ష పడిన సంవత్సరమే అతడు ఒక పత్రికతో మాట్లాడుతూ ఇంకొక సంగతి బయటపెట్టాడు. తాను విశ్వాసాన్ని విడిచిపెట్టి కొన్నేళ్ళయిందని, బృందంలో ఇంకా కొందరిదీ అదే పరిస్థితి అని, అయినా క్రైస్తవ శ్రోతలను పోగొట్టుకోకూడదని పైకి చెప్పలేదని అన్నాడు. తాము కలిసి తిరిగిన 'క్రైస్తవ' బృందాల్లో నిజంగా విశ్వాసులైనవారు తక్కువేనని కూడా అన్నాడు. జైలుకు పోతున్న మనిషి మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీరే ఆలోచించుకోండి. మాకు మాత్రం ఆ సంగతి నేరం కంటే తక్కువ బాధ కలిగించలేదు. అలమారా అలాగే ఉంది, చీటీ అలాగే ఉంది, లోపల సరుకు లేదు.

ఇదే కాలంలో ఇంకొక బృందం వేరే దారిలో నడిచింది. 1997లో ఫ్లోరిడాలోని ఒకాలాలో పుట్టిన 'అండర్‌ఓత్' అది. మొదటి గాయకుడు డాలస్ టేలర్ 2003లో వెళ్ళిపోయాడు, స్పెన్సర్ చాంబర్‌లేన్ వచ్చాడు. 2006లో వారి ఆల్బమ్ అమ్మకాల పట్టికలో 2వ స్థానానికి ఎక్కింది. 2010లో డ్రమ్ములు వాయిస్తూ పాడే ఏరన్ గిలెస్పీ కూడా వెళ్ళిపోవడంతో మొదటి ఆల్బమ్ నాటివారు ఒక్కరూ మిగలలేదు. 2013లో బృందమే ఆగిపోయింది. 2015లో గిలెస్పీతో సహా మళ్ళీ కలిశారు. 2018లో కొత్త ఆల్బమ్ తెస్తూ, ఇక మమ్మల్ని క్రైస్తవ బృందమని పిలవవద్దని బాహాటంగా చెప్పారు. చాంబర్‌లేన్ తన మత్తుమందుల అలవాటు గురించి కూడా దాచలేదు. వారి నిర్ణయం మనకు దుఃఖం కలిగిస్తుంది. అయినా చీటీని తమ చేతులతో తామే పీకివేశారు, కొనే తల్లిదండ్రులను మోసం చేయలేదు. ఆ మాటకొస్తే మన హైదరాబాదులో 2015 ప్రాంతంలో ఒక బృందం ఏకంగా 'గాడ్‌లెస్' అని పేరు పెట్టుకుంది. దేవుడు లేనివారు అని. పేరు వినగానే ఉలిక్కిపడతాము గాని, వారి దగ్గర దాపరికం లేదు.

అందరూ ఇలాగే అయ్యారని అనుకోకండి. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతం వ్యవసాయానికి పేరు. 2003లో అక్కడ కొందరు హైస్కూలు పిల్లలు 'ఆగస్ట్ బర్న్స్ రెడ్' అనే బృందం పెట్టి, డ్రమ్ములవాడు మాట్ గ్రైనర్ ఇంటివారి పొలంలో, కోడిగుడ్లు ఉంచే షెడ్డులో సాధన చేసేవారు. (కోళ్ళు ఏమనుకున్నాయో!) మొదటి మూడేళ్ళలో ఇద్దరు గాయకులు మారి, 2006లో జేక్ లూర్స్ వచ్చాడు. 2007 నాటికి కుదిరిన ఆ అయిదుగురే తరువాత ఆల్బమ్ వెంట ఆల్బమ్ చేస్తూ వచ్చారు. నిరాశలో, ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్న శ్రోతలకు తోడు నిలవడానికి లూర్స్ హార్ట్‌సపోర్ట్ అనే సంస్థను కూడా స్థాపించాడు.

తిరిగి శాన్ డియేగోవారి దగ్గరకు వద్దాము. నాయకుడు జైలులో ఉండగా మిగిలిన నలుగురు పాత పేరును వాడుకోలేదు. షేన్ బ్లే అనే గాయకుణ్ణి కలుపుకొని 'వోవెన్‌వార్' అనే పేరుతో 2014లో ఒకటి, 2016లో ఒకటి ఆల్బములు చేశారు. పాత పేరుకున్న గిరాకీ కొత్త పేరుకు రాలేదు. లంబేసిస్ 2016 డిసెంబరులో విడుదలయ్యాడు, మరుసటి ఏడు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 2018 జూన్‌లో అయిదుగురూ మళ్ళీ ఒక వేదిక మీద నిలబడ్డారు. తాము ఎందుకు కలిశామో కూర్చుని మాట్లాడుకొని, ఆ సంభాషణను చిత్రీకరించి విడుదల చేశారు.

ఇక్కడ మన సంఘాల్లో ఎందరికో పరిచయమైన చిక్కు ఒకటి ఉంది. పడిపోయిన సహోదరుణ్ణి క్షమించవలసిందే, అందులో సందేహం లేదు. మందిరంలో మన పక్కన చోటు ఇవ్వాలి, ఇంటికి పిలిచి భోజనం పెట్టాలి. అయితే క్షమించడమంటే వెంటనే మైకు అతని చేతికి ఇవ్వడమేనా? ఈ రెండూ ఒకటే అనుకొని తొందరపడిన సంఘాలున్నాయి, రెండూ వేరు అనే సాకుతో మనిషిని జీవితకాలం గుమ్మం బయట నిలబెట్టినవీ ఉన్నాయి. ఆ నలుగురు మనస్ఫూర్తిగానే క్షమించారని మేము నమ్ముతున్నాము. పాత పేరుతో టిక్కెట్లు అమ్ముడుపోతాయన్న సంగతి కూడా వారికి తెలియనిది కాదు. ఏది ఎంత పాలో బయటివారము మనం తూచలేము.

2019లో వారి కొత్త ఆల్బమ్ వచ్చింది. ఆ తరువాత మొదట హిపా దూరమయ్యాడు. 2022లో గిల్బర్ట్ వెళ్ళిపోయి వేరే బృందంలో చేరాడు. ఇరవై ఏళ్ళకు పైగా డ్రమ్ముల వెనుక కూర్చున్న మాన్సినో కూడా తప్పుకున్నాడు. వారి స్థానాల్లో కొత్తవారు వచ్చారు. 2024 అక్టోబరులో బేసు వాయించే ర్యాన్ నెఫ్, డ్రమ్ములవాడు నిక్ పియర్స్, వారి వెంటనే స్గ్రోసో కూడా బయటకు నడిచారు. అక్కడి వాతావరణం ఇక ఆరోగ్యకరమైనది కాదని స్గ్రోసో ప్రకటించాడు. వేసుకున్న యాత్ర రద్దయింది. మొదటినాటివారిలో లంబేసిస్ ఒక్కడే మిగిలాడు. అంతకుముందే పూర్తయిన ఆల్బమ్ నవంబరు 15న విడుదలైంది. దానిలో లంబేసిస్ గొంతు వెనుక వినిపించే గిటారు, బేసు, డ్రమ్ములు వాయించినవారు అప్పటికే వెళ్ళిపోయారు.