కపాలములోని నెత్తుటి గడ్డలు

2009 మార్చి 16వ తేదీన కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున మంచుకొండపై స్కీయింగ్ నేర్చుకొనుచు పడిపోయిన ఆంగ్లనటి నటాషా రిచర్డ్‌సన్, తనకేమియు కాలేదని పలికి తొలుత వైద్యసహాయమును నిరాకరించి, కొన్ని గంటలలోనే విషమస్థితికి చేరి, రెండు దినములకు మరణించెను. కపాలాస్థికిని, దాని దిగువనున్న దృఢమైన పొరకును నడుమ నెత్తురు గడ్డకట్టుటయే అందులకు కారణము. ఇట్టి రక్తస్రావమున, సాధారణముగా ధమనియే చిట్లును గాని మెదడు అంతగా నలుగకపోవుటచే, రోగి కొంతసేపు తెలివితో మాటలాడుచుండవచ్చును. ఆ మోసకరమైన విరామము గడువకమునుపే గడ్డను తొలగించినచో చక్కగా కోలుకొనువారు పెక్కుమంది. గడ్డ 30 మిల్లీలీటర్లను మించినచో, రోగి మెలకువగా నున్నను శస్త్రచికిత్స చేయవలెననియే వైద్యుల నియమము.

ఆ పొరకు దిగువన హఠాత్తుగా చేరు నెత్తురు మరింత క్రూరమైనది. అక్కడ మెదడు కూడ తరచు గాయపడియుండుటచే, గడ్డను తీసినను మరణములు అధికము, బ్రతికినవారిలో అనేకులకు వైకల్యము మిగులును. గడ్డ మందము 10 మిల్లీమీటర్లను మించినను, మెదడు మధ్యరేఖ 5 మిల్లీమీటర్లకు పైగా ప్రక్కకు ఒరిగినను ఆపరేషన్ అవసరమని భావింతురు.

వృద్ధులలో, చిన్న దెబ్బ తగిలిన కొన్ని వారములకు తలనొప్పిగా, తడబడు నడకగా, మతిమరుపుగా బయటపడు, పొర దిగువ రక్తస్రావపు దీర్ఘకాలిక రూపమును, వయసు మీదపడినదని ఇంటివారు త్రోసివేయుట మిక్కిలి శోచనీయము. ఎముకకు రంధ్రము చేసి పలుచబడిన నెత్తురును వెడలించినచో, వారిలో అనేకులు మరల తమ పనులు తాము చేసికొనగలరు. రక్తమును పలుచన చేయు మందులు వాడు పెద్దలకు తలపై దెబ్బ తగిలినచో, పైకి కుశలముగా కనబడినను, సి.టి. స్కాన్ విషయమై ఆనాడే వైద్యుని సంప్రదింపవలెను.