వాన లెక్క వేరు, పదును లెక్క వేరు
నైజర్, ఆస్ట్రేలియా కరువుల నుంచి మెట్ట రైతు తెలుసుకోవలసినవి

తొలకరి దగ్గర పడితే చాలు, ఈసారి వానలెలా ఉంటాయోనని మెట్ట రైతు ఆరా తీస్తాడు. పైరు బతికేది మాత్రం నేలలో దిగిన పదును మీదే. వాన బాగా కురిసిన ఏడు కూడా చేను ఎండవచ్చు. తక్కువ కురిసిన ఏడు నాలుగు గింజలు రాలవచ్చు. దూరాన ఉన్న రెండు మెట్ట దేశాల అనుభవం చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. ఒకటి ఆఫ్రికాలోని నైజర్ (నైజీరియా కాదు, దానికి ఉత్తరాన ఉన్న దేశం). రెండోది ఆస్ట్రేలియా.

నైజర్: వాన తగ్గింది, కొంత తిరిగి వచ్చింది

నైజర్‌లో ఎక్కువ భాగం సహారా ఎడారే. సేద్యమంతా దక్షిణపు అంచున సాగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వానలతో సజ్జ, అలసంద పండిస్తారు. అక్కడివారూ మనలాంటి చిన్న రైతులే. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థకు నైజర్ రాజధాని నియామే దగ్గర సదోరేలోనూ పరిశోధన కేంద్రం ఉంది.

1950లలో అక్కడ వానలు బాగా పడ్డాయి. 1968 నుంచి కరువు పట్టుకుంది. 1973లో, 1984లో పశువులు మందలు మందలుగా చనిపోయాయి. 1990ల మధ్య నుంచి వానలు కొంత కోలుకున్నాయి. అయితే కుండపోతగా కురిసి వెళ్లిపోయే వానలు పెరిగాయి.

నియామే చుట్టుపక్కల ఒక వింత జరిగింది. వానలు తగ్గిన ఆ దశాబ్దాల్లోనే బావుల్లో నీటిమట్టం పెరిగింది! ఎలాగంటారా? పొదలు, చెట్లు కొట్టేసి సాగులోకి తెచ్చిన నేల పైన పెచ్చు కట్టింది. వాననీరు చేలో ఇంకకుండా పారిపోయి పల్లంలోని కుంటల్లో చేరింది. అక్కడినుంచి భూగర్భంలోకి దిగింది. బావికి నీరొచ్చింది గాని చేనికి పదును దక్కలేదు.

ఆస్ట్రేలియా: వాన తగ్గింది, తిరిగి రాలేదు

ఆస్ట్రేలియా నైరుతి మూల గోధుమ పండే సీమ. అక్కడ చలికాలంలో వానలు పడతాయి. 1970 నుంచి మే-జులై వానలు దాదాపు 20 శాతం తగ్గాయి. నైజర్‌లో మాదిరి మళ్లీ పుంజుకోలేదు. ఆగ్నేయ ప్రాంతంలో 1997 నుంచి 2009 దాకా పెద్ద కరువు నడిచింది. 2017-19లో మరోసారి వచ్చింది.

వాన అయిదో వంతు తగ్గితే పెర్త్ నగర జలాశయాలకు చేరే నీరు సగానికి పైగా పడిపోయింది. ఎండిన నేల ముందు తన దప్పిక తీర్చుకుని, మిగిలితేనే వాగుకు వదులుతుంది. అందుకే 2006లో పెర్త్‌కు సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం పెట్టుకోవలసి వచ్చింది.

ఆ దేశపు పరిశోధన సంస్థ సిఎస్‌ఐఆర్‌ఓ లెక్క ప్రకారం 1990-2015 మధ్య వాతావరణ మార్పు వల్ల గోధుమ పండగల దిగుబడి 27 శాతం తగ్గింది. అయినా రైతుల చేతికొచ్చిన సగటు దిగుబడి దాదాపు నిలకడగానే ఉంది. మంచి వంగడాలు, యాజమాన్యంతో పాటు పదును దాచుకునే పద్ధతులు ఇందుకు తోడ్పడ్డాయి. వాళ్లు దున్నకుండా విత్తుతారు. కొయ్యకాళ్లు చేలోనే వదులుతారు. పంటలేని ఎండాకాలంలో మొలిచే కలుపును వెంటనే చంపుతారు. ఆ కలుపు తాగే నీరు గోధుమకు మిగులుతుంది.

నైజర్ రైతులు ఏం చేశారు?

1989లో ఇల్లేలా ప్రాంత రైతులు కొందరు పొరుగు దేశం బుర్కినా ఫాసో వెళ్లి, అక్కడి గుంతల సేద్యం చూసి వచ్చారు. పెచ్చు కట్టిన నేలలో ఎండాకాలంలోనే జానెడు వెడల్పున చిన్న గుంతలు తీసి, గుప్పెడు పశువుల ఎరువు వేశారు. పారిపోయే నీరు గుంతలో ఆగింది, అందులో సజ్జ నిలబడింది.

మరాడి ప్రాంతంలో 1980ల నుంచి రైతులు చేలోని పాత మొదళ్ల చిగుళ్లను నరకడం మాని, ఒకటి రెండు బలమైన కొమ్మలు ఉంచి పెంచారు. మొక్క కొనలేదు, నాటలేదు. ఈ పద్ధతి సుమారు 50 లక్షల హెక్టార్లకు పాకింది.

మనకు పనికొచ్చేదేమిటి?

ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్ల నీరు. 20 మి.మీ. వానకు 80 వేల లీటర్లు. అందులో సగం పారిపోతే 40 వేల లీటర్లు, అంటే 4 వేల లీటర్ల ట్యాంకర్లు పది పోయినట్లే. వాన మన చేతిలో లేదు. ఈ పది ట్యాంకర్లలో కొన్నయినా ఆపుకోవడం మన చేతిలో ఉంది.

అక్కడివన్నీ మనకు అతకవు. ఆస్ట్రేలియా రైతుకు వేల ఎకరాలు, పెద్ద యంత్రాలు ఉంటాయి. మనకు చొప్ప పశువుల మేత, చేలో వదిలితే పశువు పస్తుంటుంది. గుంతలు తీయడానికి కూలీల ఖర్చూ ఎక్కువే. కనుక మన వీలును బట్టి ఇలా చేయండి.

* వాలుకు అడ్డంగా దున్ని, అడ్డంగానే విత్తండి. గట్ల గండ్లు తొలకరికి ముందే పూడ్చండి.
* ఎర్రనేల వానకు పెచ్చు కడితే పదునులో గుంటక తోలి పగలగొట్టండి. కలుపు కూడా పోతుంది.
* పశువుల ఎరువు, చెరువు పూడిక మట్టి వీలైనంత తోలండి. నేల నీరు పట్టుకునే గుణం పెరుగుతుంది.
* గుంతలు బీడుపడిన చిన్న ముక్కలో, పనిలేని రోజుల్లో ఇంటివాళ్లతో తీసి చూడండి.
* గట్ల మీది వేప, తుమ్మ చిగుళ్లను నరకక, ఒకటి రెండు పెరగనివ్వండి.

ఉపగ్రహాలతో కూడా ఇప్పుడు నేల తేమను కొలుస్తున్నారు. అయితే అవి నేరుగా చూడగలిగేది పైనున్న రెండంగుళాలే. వేరు దిగే లోతు మీరే చూసుకోవాలి. వాన వెలిసిన మరునాడు చేలో మూడు నాలుగు చోట్ల జానెడు లోతు తవ్వండి. అడుగు మట్టిని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి. పొడిగా రాలిపోతే పైన తడి కనిపించినా తొందరపడి విత్తకండి. ఆ విత్తనం మొలిచినా తర్వాత వచ్చే బెట్టకు నిలవదు. విత్తనం ఖర్చు రెండోసారి పెట్టలేని చిన్న రైతుకు ఈ జానెడు తవ్వకం చాలా అవసరం.